పర్కింజీ తంతువు మీద అడ్రినలిన్: ముందు నెమ్మది, తర్వాత వేగం. ఎందుకిలా?

కొత్తపేజీ
అందరికీ నమస్కారం. ఫిజియాలజీ పీజీ మొదటి ఏడాదిలో ఉన్నాను. రెండు రోజులుగా ఒక గ్రాఫ్ దగ్గరే ఆగిపోయాను. కుక్క గుండెలోంచి తీసిన పర్కింజీ తంతువు (జఠరికల్లో సిగ్నల్ మోసే దారం) ద్రావణంలో దానంతట అదే కొట్టుకుంటోంది. ఆ ద్రావణంలో అడ్రినలిన్ గాఢతను మెల్లగా పెంచుకుంటూ పోయారు. గాఢత చాలా తక్కువగా ఉన్నప్పుడు తంతువు వేగం తగ్గింది. ఇంకా పెంచాక అదే తంతువు వేగం పుంజుకుంది.

అడ్రినలిన్ గుండె వేగాన్ని పెంచుతుందనే ఇన్నాళ్లూ చదివాను. గ్రాఫ్‌లో అచ్చు తప్పు పడిందా, లేక నాకు తెలియని విషయం ఏదైనా ఉందా? క్లాసులో అడిగితే "అది అంత ముఖ్యం కాదు, వదిలెయ్" అన్నారు. నాకు వదలబుద్ధి కావడం లేదు.

మూడోతరంగం
అచ్చు తప్పు కాదు. వదలకుండా ఇక్కడికి వచ్చి అడగడం మంచిదైంది.

ఈ విషయాన్ని రోజెన్ బృందం 1977లో వివరంగా చూపించింది. కణం మీద అడ్రినలిన్ అతుక్కునే ప్రొటీన్‌లను రిసెప్టర్లు అంటాం, వాటిలో ఆల్ఫా, బీటా అని రెండు రకాలు. ఫెంటోలమిన్ వేస్తే, అంటే ఆల్ఫా రిసెప్టర్లను మూసేస్తే, ఆ నెమ్మదించడం కనిపించదు. ప్రొప్రానొలాల్‌తో బీటా రిసెప్టర్లను మూసేస్తే నెమ్మదించడం మిగులుతుంది, వేగం పెరగడం పోతుంది. ఒకే అణువు, ఒకే తంతువు, కానీ తలుపులు రెండు. తక్కువ గాఢతలో ఆల్ఫా మాట చెల్లుతుంది, ఎక్కువైతే బీటా దాన్ని తొక్కేస్తుంది.

ఆల్ఫా, బీటా అనే విభజన ఆల్‌క్విస్ట్ 1948లో చేశాడు. ఒకే రకం మందులు ఒక అవయవంలో ఒక వరుసలో, మరో అవయవంలో వేరే వరుసలో బలం చూపడం గమనించి, రిసెప్టర్లు రెండు రకాలుగా ఉండాలని అన్నాడు. ఆ మాట జనం ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. జేమ్స్ బ్లాక్ బీటా బ్లాకర్లు తయారు చేశాకే అది అందరి నోటా నానింది.

సర్క్యూట్‌బాబు
నేను ఎలక్ట్రానిక్స్ వాణ్ణి, వైద్యం చదవలేదు. మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. పర్కింజీ తంతువులంటే గుండెలో కరెంటు మోసే తీగల్లాంటివని అనుకున్నాను. తీగ దానంతట అది కొట్టుకోవడం ఏమిటి?

పాఠాలమేడమ్
దూరండి బాబూ, ఇలాంటి ప్రశ్నల వల్లే పాఠం ముందుకు సాగుతుంది.

1839లో పుర్కినే (పర్కింజీ అనే పేరు ఈయనదే) గొర్రె గుండె లోపలి పొర కింద బూడిద రంగు జిగురు దారాల్లాంటివి చూశాడు. అవి దేనికో ఆయనకు తెలియలేదు. 1906లో తవారా వాటి జాడ పట్టుకుని వెనక్కి వెళ్తే, కర్ణికలకూ జఠరికలకూ మధ్య ఉన్న ఏవీ నోడ్ దగ్గర తేలాడు. ఆ నోడ్‌లో సిగ్నల్ సెకనుకు దాదాపు 0.05 మీటర్లే నడుస్తుంది. పర్కింజీలోకి రాగానే సెకనుకు 2 నుంచి 4 మీటర్లు పరుగెడుతుంది. జఠరికల కండరం అంతా దాదాపు ఒకేసారి బిగుసుకోవడం ఈ పరుగు వల్లే. మీరన్న తీగ పని ఇది.

కానీ ఈ తీగ ప్రాణమున్న కణాలతో అల్లినది. మామూలు కండర కణం ఒక స్పందన అయ్యాక మైనస్ 90 మిల్లీవోల్ట్‌ల దగ్గర కదలకుండా కూర్చుని, పక్కవాడు తడితేనే లేస్తుంది. పర్కింజీ కణం అలా కూర్చోదు. మైనస్ 90 దగ్గర నుంచి మెల్లమెల్లగా పైకి పాకుతుంది. దీన్నే నాలుగో దశ వాలు అంటాం. ఎవరూ తట్టకపోతే ఆ పాకుడు గడప దాటి దానంతట అదే ఒక స్పందన పుట్టిస్తుంది. నిమిషానికి 20 నుంచి 40 సార్లు.

మరి మన గుండె ఆ వేగంతో ఎందుకు కొట్టుకోదు? పైన కర్ణికలో ఉండి గుండెకు లయ ఇచ్చే ఎస్ఏ నోడ్ నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొడుతుంది కాబట్టి, పర్కింజీ పాకడం పూర్తయ్యేలోపే పైనుంచి సిగ్నల్ వచ్చి పడుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పై నుంచి వేగంగా తరిమినంతసేపూ కణంలోకి సోడియం ఎక్కువగా వస్తుంది. దాన్ని బయటికి తోయడానికి సోడియం-పొటాషియం పంపు గట్టిగా పనిచేస్తుంది. ఆ పంపు 3 సోడియంలను బయటికి పంపి 2 పొటాషియంలను లోపలికి తెస్తుంది. లెక్కలో ఒక ధనావేశం బయటికి పోయినట్టే. అది పాకుడును కిందికి లాగుతుంది. అందుకే పై సిగ్నల్ ఒక్కసారిగా ఆగిపోతే పర్కింజీ వెంటనే అందుకోదు, కొన్ని సెకన్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దంలోనే మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు.

ఈ పంపును గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

సర్క్యూట్‌బాబు
ఇప్పుడు అర్థమైంది మేడమ్. తీగ కాదు, స్టాండ్‌బైలో ఉన్న ఆసిలేటర్. అడ్రినలిన్ ఆ పాకుడు వాలును మారుస్తుందన్నమాట.

కొత్తపేజీ
అవును, నాకు రెండో చిక్కు అక్కడే. పాత పుస్తకంలో ఆ పాకుడుకు కారణం పొటాషియం కరెంటు తగ్గిపోవడం అని ఉంది. కొత్త పుస్తకంలో ఫన్నీ కరెంటు అనే వేరే కరెంటు లోపలికి రావడం అని ఉంది. బొమ్మలు మాత్రం దాదాపు ఒకేలా ఉన్నాయి. ఏది నిజం?

మూడోతరంగం
ఇది నా మనసుకు బాగా దగ్గరైన కథ. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

1968లో హౌస్‌విర్త్, నోబుల్, సియెన్ ముగ్గురూ పర్కింజీ తంతువు మీదే అడ్రినలిన్ ఎలా పనిచేస్తుందో కొలిచారు. నాలుగో దశలో బయటికి పోయే ఒక పొటాషియం కరెంటు క్రమంగా తగ్గుతుందనీ, ఆ తగ్గుదల ఏ వోల్టేజ్ దగ్గర జరగాలో అడ్రినలిన్ జరిపేస్తుందనీ చెప్పారు. దానికి ఐ-కె2 అని పేరు. లెక్కలు చక్కగా కుదిరాయి. పదేళ్లకు పైగా అందరూ అదే నమ్మారు.

ఈలోగా 1979లో బ్రౌన్, డిఫ్రాన్చెస్కో, నోబుల్ ఎస్ఏ నోడ్‌లో వేరే వింత చూశారు. వోల్టేజ్‌ను బాగా ఋణం వైపు తీసుకెళ్తే తెరుచుకుని, ఆవేశాన్ని లోపలికి తెచ్చే కరెంటు కనిపించింది. అప్పటికి తెలిసిన చానెళ్లు చాలావరకు వోల్టేజ్ పైకి పోతే తెరుచుకునేవి. ఇది తలకిందులు. అందుకే ఫన్నీ అని పేరు. అడ్రినలిన్ దాన్ని పెంచుతోందని కూడా చూపించారు.

1981లో డిఫ్రాన్చెస్కో పర్కింజీ తంతువుకు బేరియం ఇచ్చాడు. బేరియం వేరే పొటాషియం చానెళ్లను మూసేస్తుంది. అవి మూసుకోగానే ఐ-కె2 ముసుగు తొలగిపోయింది. పొటాషియం కరెంటు అయితే ఒక వోల్టేజ్ దగ్గర దిశ మారాలి. బేరియం తర్వాత ఆ మలుపు కనిపించలేదు. కణాల మధ్య ఇరుకు సందుల్లో పొటాషియం తరిగిపోవడం వల్ల ఇన్నాళ్లూ మలుపు ఉన్నట్టు భ్రమ కలిగింది. అసలు ఉన్నది లోపలికి వచ్చే ఫన్నీ కరెంటే. అంటే కొలిచిన గీతలు సరైనవే, వాటికి చెప్పిన అర్థం మారింది. మీ రెండు పుస్తకాల్లో బొమ్మ ఒకటే కావడానికి కారణం ఇదే.

తన పాత సిద్ధాంతం తప్పని తేలినా నోబుల్ కొత్తదాన్ని ఒప్పుకుని, డిఫ్రాన్చెస్కోతో కలిసి కొత్త మోడల్ రాశాడు. సైన్స్ చేసేవాళ్లలో నాకు ఇంతకంటే పెద్ద గుణం కనిపించలేదు.

ఇక రిసెప్టర్ నుంచి చానెల్ దాకా దారి: బీటా-1 రిసెప్టర్, దాని నుంచి కబురు అందుకునే జీ-ఎస్ ప్రొటీన్, అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమ్, అది తయారు చేసే సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు. ఆ సైక్లిక్ ఏఎంపీ నేరుగా ఫన్నీ చానెల్‌కే అతుక్కుంటుందని 1991లో డిఫ్రాన్చెస్కో, టోర్టోరా చూపించారు. మధ్యలో ఏ కైనేజ్ (ప్రొటీన్‌లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) అవసరం లేదు. అతుక్కున్నాక చానెల్ ఇంకాస్త తక్కువ ఋణ వోల్టేజ్ దగ్గరే తెరుచుకుంటుంది. పాకుడు నిటారవుతుంది.

కొత్తపేజీ
మీరు స్వయంగా ఈ తంతువులతో పనిచేశారా?

మూడోతరంగం
చాలా ఏళ్ల కిందట. జఠరికలో ఒక గోడ నుంచి ఇంకో గోడకు గాలిలో వేలాడే సన్నటి దారాలుంటాయి. వాటిని కత్తెరతో జాగ్రత్తగా కోసి, చిన్న తొట్టిలో వెచ్చటి ఉప్పు ద్రావణం ధారగా పోతుండగా రెండు చివర్లా గుండుసూదులతో గుచ్చి పెట్టేవాళ్లం. గాజు ఎలక్ట్రోడ్ మొన మామూలు కంటికి కనిపించదు. మైక్రోస్కోప్‌లో చూస్తూ కిందికి దించితే, తెర మీద గీత సున్నా దగ్గర నుంచి ఒక్కసారిగా మైనస్ 90కి పడిపోయేది. కణంలోకి దిగామని అదే గుర్తు. ఆ పడిపోవడం చూసిన ప్రతిసారీ నా ఊపిరి కూడా ఒక క్షణం ఆగేది.

బీటా రిసెప్టర్లను మాత్రమే తట్టే ఐసోప్రొటెరినాల్ (ఐసోప్రెనలిన్ అన్నా ఇదే) ధారలో కలిపాక వెంటనే ఏమీ కాదు. కొన్ని సెకన్ల తర్వాత రెండు స్పందనల మధ్య పడుకుని ఉండే గీత తల ఎత్తడం మొదలుపెడుతుంది. తర్వాత స్పందనలు దగ్గర దగ్గరగా వస్తాయి. ద్రావణం మార్చి కడిగేస్తే మళ్లీ నెమ్మదిస్తుంది.

రాత్రిడ్యూటీ
నేను ఐసీయూలో నర్సుని. మీరు చెప్పేది తొట్టిలో కాదు, మనిషిలో చూశాను. అందుకే రాస్తున్నాను.

పూర్తి హార్ట్ బ్లాక్‌తో, అంటే పై సిగ్నల్ జఠరికలకు అసలు అందని స్థితిలో, ఒక పెద్దాయన వచ్చారు. మానిటర్ మీద నిమిషానికి 31. క్యూఆర్ఎస్ (జఠరికల గీత) వెడల్పుగా, పీ అలలు (కర్ణికలవి) వాటి దారిన అవి. మాట్లాడుతూ మాట్లాడుతూ మగతలోకి జారిపోతున్నారు. అట్రోపిన్ ఇచ్చాం, పీ అలలు వేగం పెరిగాయి, కింద మాత్రం అదే 31. పేస్‌మేకర్ పెట్టే టీమ్ వచ్చేలోపు ఐసోప్రెనలిన్ డ్రిప్ మొదలుపెట్టాం. నేను మంచం పక్కనే నిలబడి అంకె చూస్తున్నాను. 33, 36, 40. 43 దగ్గర ఆయన కళ్లు తెరిచి "నీళ్లు" అన్నారు.

పైన ఉన్నవి పెరిగి, కింద ఉన్నవి అట్రోపిన్‌కు ఎందుకు పలకలేదో ఆ రాత్రి ఎవరినీ అడిగే తీరిక లేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

నాడిపట్టు
కార్డియాలజీ చేస్తున్నాను. అట్రోపిన్ చేసేది గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి బ్రేకును తీసేయడం. ఆ బ్రేకు ఎస్ఏ నోడ్ మీద, ఏవీ నోడ్ మీద గట్టిగా ఉంటుంది. పర్కింజీ దాకా వేగస్ పట్టు చాలా పలచన. లేని బ్రేకును తీస్తే ఏమొస్తుంది? గుండెను వేగపరిచే సింపథెటిక్ నాడుల వైపు అలా కాదు. బీటా రిసెప్టర్లు కింది దాకా ఉన్నాయి. అందుకే మీ పెద్దాయన జఠరిక ఐసోప్రెనలిన్‌కు పలికింది. మీరు పక్కన నిలబడి చూసింది నాలుగో దశ వాలు నిటారవడమే.

కానీ పలికే శక్తికి హద్దుంది. 31 నుంచి 43కి వచ్చింది, 90కి రాలేదు. పర్కింజీలో ఫన్నీ చానెల్ ఎస్ఏ నోడ్‌లో కంటే మరింత ఋణ వోల్టేజ్ దగ్గర తెరుచుకుంటుంది. దానికి తోడు, విశ్రాంతి వోల్టేజ్‌ను కిందికి పట్టి ఉంచే ఐ-కె1 అనే పొటాషియం కరెంటు ఇక్కడ బలంగా ఉంటుంది. కాబట్టి డ్రిప్ తాత్కాలికమే, పేస్‌మేకర్ వచ్చేదాకా దాటించే వంతెన. డ్రిప్ పెంచుతూ పోతే వేగం కంటే ముందు అడ్డదిడ్డమైన బీట్‌లు వస్తాయి.

సర్క్యూట్‌బాబు
ఇంకో అనుమానం. అడ్రినలిన్‌తో తీగలో సిగ్నల్ వేగం కూడా పెరుగుతుందా? ఈసీజీలో పీఆర్ (కర్ణికల నుంచి జఠరికలకు సిగ్నల్ చేరే సమయం) తగ్గుతుందని ఎక్కడో చదివాను.

నాడిపట్టు
పీఆర్ తగ్గడంలో ముఖ్యపాత్ర ఏవీ నోడ్‌ది, పర్కింజీది కాదు. నోడ్‌లో సిగ్నల్ కాల్షియం కరెంటు మీద నడుస్తుంది, బీటా ఆ కరెంటును పెంచుతుంది. ఆరోగ్యంగా ఉన్న పర్కింజీలో సిగ్నల్ సోడియం కరెంటు మీద నడుస్తుంది, అది అప్పటికే పూర్తి జోరులో ఉంటుంది. అడ్రినలిన్ వచ్చి కొత్తగా పెంచేది పెద్దగా ఉండదు.

మూడోతరంగం
ఒక మినహాయింపు ఉంది. ద్రావణంలో పొటాషియం బాగా పెంచి తంతువు వోల్టేజ్‌ను పైకి తెస్తే సోడియం చానెళ్లు మూతపడి తంతువు మూగబోతుంది. అప్పుడు అడ్రినలిన్ వేస్తే కాల్షియం మీద నడిచే నెమ్మదైన స్పందనలు లేస్తాయి. చూడటానికి ప్రాణం తిరిగి వచ్చినట్టుంటుంది. కానీ అవి పాకుతూ వెళ్తాయి, సందు దొరికితే తిరిగి వచ్చిన దారినే తగులుకుంటాయి. రక్తం అందని గుండె భాగంలో లయ తప్పడానికి ఇదొక దారి.

కొత్తపేజీ
బీటా వైపు ఇప్పుడు స్పష్టంగా ఉంది. నా మొదటి ప్రశ్న మిగిలింది. ఆల్ఫా ఎందుకు నెమ్మదింపజేస్తుంది?

పాఠాలమేడమ్
గుర్తుపెట్టుకోమన్న పంపు దగ్గరికి వచ్చాం. ఎదిగిన కుక్కల పర్కింజీలో ఆల్ఫా-1 రిసెప్టర్ కదిలితే సోడియం-పొటాషియం పంపు జోరు పెరుగుతుంది. ప్రతి చుట్టుకూ ఒక ధనావేశం బయటికి. పాకుడు వాలు చదునవుతుంది, వేగం తగ్గుతుంది.

నాకు ఆశ్చర్యం కలిగించేది దీని తర్వాతి భాగం. అప్పుడే పుట్టిన కుక్కపిల్లల తంతువులో అదే ఆల్ఫా ప్రేరణ చాలాసార్లు వేగాన్ని పెంచుతుంది! పెద్దయ్యేకొద్దీ జవాబు తారుమారవుతుంది. ఈ మధ్యలో గుండెలో ఏం మారింది? సింపథెటిక్ నాడులు వచ్చి అల్లుకున్నాయి. దీన్ని పరీక్షించడానికి ఎలుక పిల్లల గుండె కణాలను విడిగా కొన్ని, సింపథెటిక్ నాడీ కణాలతో కలిపి కొన్ని పెంచారు. విడిగా పెరిగినవి ఆల్ఫా ప్రేరణకు వేగం పెంచాయి. నాడులతో కలిసి పెరిగినవి వేగం తగ్గించాయి. నాడి తోడు దొరికిన కణాల్లో ఒక జీ ప్రొటీన్ (రిసెప్టర్ కబురును లోపలికి మోసేది) కొత్తగా పనిలోకి వచ్చిందని 1985లో తేలింది. కోరింత దగ్గు బ్యాక్టీరియా విడుదల చేసే విషం ఆ ప్రొటీన్‌ను పనిచేయనివ్వదు. ఎదిగిన కణాలకు ఆ విషం ఇస్తే నెమ్మదించడం పోయి, మళ్లీ పసిపిల్లల్లా వేగం పెంచుతాయి.

నాడి తాకడం అంటే రసాయనం అందించడమే అనుకుంటాం. ఆ రసాయనానికి ఎలా జవాబివ్వాలో కూడా నాడే నేర్పుతుందన్నమాట. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఇక్కడికి వచ్చేసరికి ఇప్పటికీ నా గొంతు మారుతుంది.

చిన్నోడిఅమ్మ
నేను డాక్టర్‌ని కాదు. పర్కింజీ అనే మాట వెతుకుతూ ఇక్కడికి వచ్చాను. మా బాబుకు సీపీవీటీ అని, పరుగెత్తినా భయపడినా గుండె లయ తప్పే జబ్బని చెప్పారు. పరుగెడుతూ రెండుసార్లు పడిపోయాడు. మొదటి ఆసుపత్రిలో మూర్ఛ అనుకుని ఏడాదిపాటు ఆ మందులే వాడించారు. ఈసీజీ తీసిన ప్రతిసారీ నార్మల్ అని వచ్చేది. తర్వాత ఇంకో చోట ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే అప్పుడు బయటపడింది. ఇప్పుడు నాడోలాల్ వేస్తున్నాం. కూర్చున్నప్పుడు అంత బాగుండే గుండె పరుగెత్తితే ఎందుకిలా అవుతుంది? వాడికి చెప్పాలి, వాడు నన్ను రోజూ అడుగుతున్నాడు.

నాడిపట్టు
అమ్మా, ముందుగా ఒక మాట. జబ్బు పేరు సరిగ్గా తెలిసింది, మందు సరైనదే నడుస్తోంది. అది చాలా పెద్ద విషయం.

ప్రతి గుండె కణంలో కాల్షియం దాచుకునే సంచి ఉంటుంది. బీట్ వచ్చినప్పుడు దాని తలుపు తెరుచుకోవాలి, తర్వాత గట్టిగా మూసుకోవాలి. సీపీవీటీలో చాలామందికి ఆ తలుపు ప్రొటీన్‌లో పుట్టుకతో మార్పు ఉంటుంది. బాబు కూర్చున్నప్పుడు సంచి మామూలుగా నిండుతుంది, తలుపు తట్టుకుంటుంది. పరుగెత్తినా, భయపడినా అడ్రినలిన్ వస్తుంది. బీటా రిసెప్టర్ దారిలో సంచి పొంగేలా నిండుతుంది. వదులు తలుపు రెండు బీట్‌ల మధ్య కారిపోతుంది. కారిన కాల్షియాన్ని బయటికి తోసే ఏర్పాటు, ఒక్కో కాల్షియానికి 3 సోడియంలను లోపలికి తెస్తుంది. అంటే ఆవేశం లోపలికి వచ్చి కణం అడగకుండానే లేస్తుంది. ఎలుకల మీద చేసిన పనిలో ఈ లేవడం మామూలు కండర కణాల కంటే పర్కింజీ కణాల్లో తేలిగ్గా జరిగింది.

పడుకోబెట్టి తీసిన ఈసీజీ నార్మల్ రావడం అందుకే. మీ తప్పు ఏమీ లేదు.

నాడోలాల్ బీటా బ్లాకర్, అడ్రినలిన్ సంచిని పొంగించకుండా బీటా రిసెప్టర్ దగ్గరే కాపలా. ఒక్క పూట కూడా మానకూడదు, సొంతంగా ఆపకూడదు. బీట్‌లు ఇంకా వస్తుంటే ఫ్లెకైనైడ్ అనే ఇంకో మందు చేర్చడం కూడా ఉంది. ఆటల విషయం మీ డాక్టర్ గారు ట్రెడ్‌మిల్ చూసి చెప్పినట్టే నడవాలి. ఇంట్లో మిగతా పిల్లలకూ మీకూ పరీక్ష చేయించారా?

చిన్నోడిఅమ్మ
చేయించలేదు. ఎవరూ చెప్పలేదు. రేపే అడుగుతాను. సంచి, తలుపు కథ వాడికి ఇప్పుడే చెప్పాను. "అయితే మాత్ర తలుపుకి గొళ్లెమా?" అన్నాడు.

నాడిపట్టు
గొళ్లెమే, కాకపోతే సంచి తలుపుకి కాదు, అడ్రినలిన్ తట్టే తలుపుకి. బాగానే పట్టుకున్నాడు.

రాత్రిడ్యూటీ
అమ్మా, మాత్ర వేసే టైమ్‌కి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఊరు వెళ్లేటప్పుడు సంచిలో ఒకటి, చేతిలో ఒకటి, రెండు చోట్ల పెట్టుకోండి.

కొత్తపేజీ
అందరికీ చాలా థ్యాంక్స్. నా బొమ్మ మళ్లీ గీశాను. మాటల్లో రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి.

బీటా-1 నుంచి సైక్లిక్ ఏఎంపీ, అక్కడి నుంచి ఫన్నీ చానెల్, వాలు నిటారు. సైక్లిక్ ఏఎంపీ నుంచే కైనేజ్ మీదుగా ఇంకో కొమ్మ, కాల్షియం కరెంటుకూ సంచి నింపడానికీ. ఆల్ఫా-1 నుంచి జీ-క్యూ అనే ఇంకో జీ ప్రొటీన్, అక్కడి నుంచి పంపు, వాలు చదును.

మూడోతరంగం
బీటా వైపు బాగుంది. ఆల్ఫా వైపు ఒక బాణం మార్చండి. పంపు దాకా వెళ్లేది జీ-క్యూ కాదు, మేడమ్ చెప్పిన కోరింత దగ్గు విషానికి లొంగే జీ ప్రొటీన్. నాడి వచ్చాక పనిలోకి వచ్చేది అదే. పసి తంతువు బొమ్మ గీస్తే ఆ బాణం తీసేయండి.

కొత్తపేజీ
మార్చాను. పసి తంతువుకు పక్కన విడిగా ఇంకో బొమ్మ గీస్తున్నాను.